మిద్దె మీద నుంచి అరోరా పడుతుందా?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చేవి పెళ్ళి ఫోటోల ప్రశ్నలు, మెమరీ కార్డు పాడైతే ఫోటోలు వెనక్కి వస్తాయా అన్న ప్రశ్నలు, ఏ కెమెరా కొంటే ఇంట్లో తిట్లు తక్కువ పడతాయి అన్న ప్రశ్నలు. ఈసారి వచ్చిన వాటిలో సగానికి పైగా ఒకే విషయం: ధ్రువకాంతులు, అదే అరోరా, ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు. నార్వేలో, అలాస్కాలో కనిపించేవి లడాఖ్ దాకా దిగినాయి కదా, ఇంకాస్త దిగితే కర్నూలుకు రావా అని అందరి ఆశ. నాకూ ఆ ఆశ ఉండేది, దాని సంగతి కింద చెబుతాను. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. 2024 మే 11న పొద్దున నేను ఉగ్గాణి కలుపుతుంటే వాట్సాప్‌లో ఫోటో పంపాడు, ఆకాశమంతా గులాబీ రంగు. వీడియో కాల్‌లో చూపించరా అంటే అంతా నల్లగా ఉంది. "కంటికి పెద్దగా కనపడదమ్మా, ఫోనుకే కనపడుతుంది" అంటాడు. ఫోను లేనిది చూపిస్తోందా? డాలస్‌కు వచ్చింది మాకెందుకు రాలేదు?
– ఒక గృహిణి, ఆదోని

అమ్మా, ఫోనూ అబద్ధం చెప్పలేదు, మీ అబ్బాయీ చెప్పలేదు. మన కంట్లో పగలు రంగులు పట్టే కణాలు వేరు, చీకట్లో పనిచేసే కణాలు వేరు. చీకటి కణాలకు వెలుగు ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, రంగు తెలియదు, అందులోనూ ఎరుపంటే అవి దాదాపు గుడ్డివి. అంత దక్షిణానికి దిగి కనిపించే అరోరాలో ఎక్కువ భాగం ఎరుపే: 200 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ పరమాణువులు 630 నానోమీటర్ల దగ్గర విడిచే ఎరుపు. మీవాడికి అది పలుచటి తెల్లమబ్బులాగా, మహా అయితే కాస్త గులాబీ ఛాయగా కనిపించి ఉంటుంది. ఫోను అలా కాదు, నైట్ మోడ్‌లో పది సెకన్లు రెప్ప వేయకుండా చూసి వచ్చిన వెలుతురంతా కూడబెడుతుంది. చీటీ కట్టినట్టు అనుకోండి, రోజూ కట్టే పది రూపాయలు కంటికి ఆనవు, పాట పాడుకుని మొత్తం చేతిలో పడినప్పుడే తెలుస్తుంది. వీడియో కాల్‌లో సెకనుకు పాతిక ముప్ఫై బొమ్మలు పోవాలి, ఒక్కోదానిలో వెలుతురు చేరే వ్యవధే ఉండదు, అందుకే మీకు నలుపు. కాకపోతే ఫోన్లు రంగు కాస్త ఎక్కువే పూస్తాయి, పెళ్ళికూతురి బుగ్గలకు పూసినట్టు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

మీకెందుకు రాలేదన్నది ఇంకా మంచి ప్రశ్న. ఎందుకంటే ఆ రంగులు తెచ్చిన సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చిన కణాల ఉప్పెన, భూమిని తాకింది మన లెక్కలో మే 10 రాత్రి పదిన్నర దాటాక. అప్పుడు డాలస్‌లో మిట్టమధ్యాహ్నం. అంటే చీకటి ముందు మనకే ఉంది, అమావాస్య వెళ్ళి రెండు రోజులే కాబట్టి చంద్రుడి అడ్డం కూడా లేదు. అయినా మనకు దక్కలేదు.

అరోరాకు మనం బడిలో చదువుకున్న అక్షాంశం లెక్క కాదు, భూమి అయస్కాంత క్షేత్రం లెక్క. ఆ క్షేత్రం అక్షం నిటారుగా లేదు, ఉత్తరాన కెనడా వైపు ఒరిగి ఉంది. తలపాగా ఒక చెవి మీదికి జారితే ఎలా ఉంటుందో అలా. అరోరా వలయం ఆ తలపాగా అంచు పట్టుకునే తిరుగుతుంది కాబట్టి అమెరికా వైపు బాగా కిందికి దిగుతుంది, మన వైపు పైకి లేచి ఉంటుంది. డాలస్, లడాఖ్‌లోని హాన్లే రెండూ దాదాపు 32.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. ఒరిగిన ఆ అక్షాన్ని బట్టి కొలిచే అయస్కాంత అక్షాంశం చూస్తే డాలస్‌ది 41 దాకా వస్తుంది, హాన్లేది 25 లోపు. ఇక మన కర్నూలుది 8 కూడా లేదు. అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణ కొసన పోతుంది, 1963లో మొదటి రాకెట్ ఎగరేయడానికి కేరళలో తుంబాను ఎంచుకున్నది అందుకే. అరోరా దృష్టిలో మనం భూమధ్యరేఖ మీద కాపురం ఉన్నవాళ్ళమే అన్నమాట. ఆశ తీరాలంటే అబ్బాయి దగ్గరికి వెళ్ళడమే దగ్గరి దారి, వీసా దొరికితే.

కొండారెడ్డి బురుజు మీద ఆకుపచ్చ తెరలు వేలాడుతున్న ఫోటో మా గ్రూపుల్లో తిరుగుతోంది. 2024 మే 10 రాత్రి తీసిందంటున్నారు. నమ్మొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

నమ్మొద్దు. ఎవరు చేశారో నాకు తెలియదు గానీ చేసినవాళ్ళకు ఆకుపచ్చ ఎక్కడ పుడుతుందో తెలియదు.

అరోరాలో ఆకుపచ్చ 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది. ఎరుపు 200 నుంచి 400 దాకా, పెద్ద తుఫానుల్లో ఇంకా పైన కూడా. భూమి గుండ్రం కాబట్టి ఎత్తులో ఉన్నదే దూరానికి కనిపిస్తుంది, ఊరి బయట నిలబడితే చెట్లు కనపడకముందే గుడి గోపురం కనిపించినట్టు. 100 కిలోమీటర్ల ఎత్తున్న వెలుగు 1,100 కిలోమీటర్ల చిల్లర దూరం వరకే కనిపిస్తుంది, అదీ సరిగ్గా దిగంతం అంచున. కర్నూలు నుంచి నిటారుగా ఉత్తరానికి అంత దూరం పోతే గ్వాలియర్ దగ్గర తేలతాం. అంటే గ్వాలియర్ నెత్తి మీద అరోరా ఆడితే మనకు బురుజు వెనక, నేలను అంటుకుని, ఒక సన్నటి ఆకుపచ్చ గీత కనిపించాలి, అదీ దుమ్మూ మసకా లేకపోతే. బురుజు పైన తెరలు వేలాడాలంటే ఆ అరోరా మహబూబ్‌నగర్ మీద ఆడాలి. అలాంటి రాత్రి వస్తే ఫార్వర్డుల దాకా ఆగాల్సిన పని ఉండదు, కరెంటు గ్రిడ్లు, జీపీఎస్ అన్నీ గగ్గోలు పెడతాయి, ముందు టీవీలో స్క్రోలింగ్ వస్తుంది.

అలాగని మన అక్షాంశాలకు ఎరుపు ఎన్నడూ రాలేదని కాదు. 1872 ఫిబ్రవరి 4న వచ్చిన మహా తుఫానులో అరోరా బొంబాయిలో కనిపించినట్టు నమోదైంది. బొంబాయి 19 డిగ్రీల మీద ఉంది, మనం 16 కింద. కాబట్టి "ఎప్పటికీ రాదు" అని రాసివ్వలేను. 150 ఏళ్ళకు ఒకసారి వచ్చే చుట్టం కోసం రోజూ చాప పరిచి కూర్చోవడం ఎందుకు అంటాను, అంతే.

మీరెప్పుడైనా ఇక్కడి నుంచి ప్రయత్నించారా? నిజం చెప్పండి.
– బ్యాంకు ఉద్యోగి, కడప

చెబుతాను, నవ్వుకోండి. 2024 మే 10, అక్షయ తృతీయ. పొద్దుటి నుంచి బంగారు కొట్ల ముందు జనాన్ని ఫోటోలు తీసి తీసి కాళ్ళు లాగుతున్నాయి. సాయంత్రం చూస్తే పెద్ద సౌర తుఫాను వస్తోందని హెచ్చరిక. సూర్యుడి మీద 3664 నంబరు మచ్చల గుంపు, భూమిలాంటివి పదిహేను వరుసగా పేర్చినంత వెడల్పు, మూడు రోజులుగా ఒకదాని వెనక ఒకటి ప్లాస్మా మేఘాలను మన వైపు విసురుతోంది. ఆ రాత్రి తుఫాను జీ5 స్థాయికి, అంటే కొలతలో అన్నిటికన్నా పైమెట్టుకు, పోయింది, 2003 అక్టోబరు తర్వాత అంతటిది అదే మొదటిది. కెమెరా, ట్రైపాడ్ కారులో వేసుకుని గండికోటకు బయల్దేరాను.

13న పోలింగు. దారి పొడవునా చెక్‌పోస్టులు. ముద్దనూరు దాటాక ఆపి డిక్కీలో పొడుగాటి సంచి చూసి విప్పమన్నారు. ట్రైపాడ్ కాళ్ళు బయటికొచ్చాయి. ఈ వేళప్పుడు ఎక్కడికి అంటే సౌర తుఫాను, అయస్కాంత క్షేత్రం అని మొదలుపెట్టాను, వాళ్ళ మొహాలు చూసి మధ్యలోనే మనసు మార్చుకుని "పెళ్ళి షూటింగ్ సార్" అనేశాను. "మూఢంలో పెళ్ళేంది సామీ?" అన్నాడు ఒకాయన. నిజమే, ఆ నెలంతా ముహూర్తాలే లేవు. లెన్సు డబ్బాలు కూడా విప్పించి, నోట్ల కట్టలు లేవని తేలాకే వదిలారు.

కోట దగ్గర పెన్న లోయ అంచున బండ మీద ట్రైపాడ్ పెట్టి, ఉత్తరం వైపు తిప్పి, ముప్ఫై సెకన్ల చొప్పున తీస్తూ కూర్చున్నాను. పన్నెండున్నరప్పుడు స్క్రీన్ మీద నేలకు జానెడు ఎత్తులో ఎర్రటి మసక. చేతులు వణికాయంటే నమ్మండి. నలభై ఫోటోలు తీశాను, తెల్లారుజామున ఇంటికొచ్చి నిద్రపోకుండా నలుగురికి పంపేశాను కూడా. తర్వాత కంప్యూటర్‌లో ఆ నలభై ఒకదాని వెనక ఒకటి తిప్పి చూస్తే నక్షత్రాలన్నీ కదులుతున్నాయి, ఎరుపు మాత్రం ఉన్నచోట నుంచి అంగుళం కదల్లేదు. మ్యాపులో స్కేలు పెట్టి గీత గీస్తే అటు తాడిపత్రి, కొలిమిగుండ్ల, సిమెంటు ఫ్యాక్టరీల దీపాలు. పైన పలుచగా మబ్బు. ఆ మబ్బు ఆ దీపాలను నాకు అరోరాగా అమ్మింది. పంపిన నలుగురికీ మళ్ళీ మెసేజ్ పెట్టడం ఎంత కష్టమో చెప్పలేను.

అందుకే మీకు ఎరుపు దొరికితే ముందు అనుమానించండి. ఒకటే ఫోటో తీసి సంబరపడకుండా అయిదు నిమిషాలకు ఒకటి చొప్పున గంటసేపు తీయండి. ఊరి వెలుగు కదలదు. వేసవిలో శేషాచలం, నల్లమల వైపు కొండకు నిప్పంటుకుంటే కింద నారింజ రంగు, పైన పొగ, మధ్యమధ్య ఎగిసి తగ్గడం కనిపిస్తుంది. అనంతపురం వైపు గాలిమరల మీద ఎర్రదీపాలు మిణుకుమంటాయి, ముప్ఫై సెకన్ల ఫోటోలో ఆ మిణుకంతా కలిసిపోయి దిగంతం పొడవునా ఎర్రటి పూసల దండ. ఇవేవీ కాకపోతే అప్పుడు నాకు పంపండి.

అన్నట్టు అదే రాత్రి హాన్లేలో మాత్రం పండింది. కడప నుంచి తాడు పట్టి తిన్నగా ఉత్తరానికి లాగితే 2,000 కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు మన రేఖాంశమే. అక్కడి అబ్జర్వేటరీ కెమెరాలకు దిగంతం మీద ఎర్రటి వెలుగు దొరికింది. హాన్లేలో కూడా అది నడినెత్తిన లేదు, దూరంగా కిందనే ఉంది. వాళ్ళకే దిగంతం మీద ఉన్నది మనకు నేల కిందే కదా.

నా ఫోన్‌లో అరోరా యాప్ ఉంది. కేపీ 9 అని మోగితే గుత్తి కోట ఎక్కితే లాభం ఉంటుందా?
– ఒక పాఠకుడు, గుత్తి

కోట ఎత్తు మూడు వందల మీటర్లు అనుకున్నా 400 కిలోమీటర్ల ఎత్తున పుట్టే వెలుగుకు అది లెక్కలోకి రాదు తమ్ముడూ. చీకట్లో ఆ మెట్ల మీద కాలు మడతపడితే అదే మిగులుతుంది. కేపీ అన్నది అయస్కాంత క్షేత్రంలో అలజడికి మొత్తం భూమికి కలిపి మూడు గంటలకు ఒకసారి వేసే మార్కు, 0 నుంచి 9 దాకా, మీ ఊరికి విడిగా వేసింది కాదు. 9 మోగితే డాలస్ వాళ్ళు బయటికి రావాలి, హాన్లే వాళ్ళు కెమెరా సిద్ధం చేసుకోవాలి, గుత్తి వాళ్ళు హాయిగా పడుకోవచ్చు.

నిజంగా నేర్చుకోవాలనుకుంటే యాప్‌లో బీజెడ్ అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చూడండి. సూర్యుడి నుంచి వచ్చే గాలి తనతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. అది దక్షిణం వైపు తిరిగి ఉంటే, అంటే అంకె ముందు మైనస్ ఉంటే, భూమి తలుపు తెరుచుకుంటుంది. ప్లస్‌లో ఉంటే ఎంత పెద్ద తుఫానైనా చాలావరకు తలుపు బయటే. అది మైనస్ 20, 30 దగ్గర గంటల తరబడి నిలబడితేనే హాన్లే లాంటి చోట్ల ఆశ పెట్టుకోవాలి. ఈ కొలత వచ్చేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపున్న ఉపగ్రహాల నుంచి. మన ఆదిత్య ఎల్1 కూడా 2024 జనవరి 6 నుంచి అక్కడే తిరుగుతోంది. అక్కడ తగిలిన గాలి మన దాకా రావడానికి అర గంట నుంచి గంట, అంతకు మించి కచ్చితమైన ముందస్తు కబురు ఎవరి దగ్గరా లేదు. పేలుడు జరిగిన సంగతి ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది, బీజెడ్ ఎటు తిరిగి వస్తుందో మాత్రం గుమ్మం దగ్గరికి వచ్చాకే.

నేను పెళ్ళి ఫోటోగ్రాఫర్‌ని అన్నా. ఫుల్ ఫ్రేమ్ బాడీ, 24-70 ఎఫ్ 2.8, 50 ఎఫ్ 1.8 ఉన్నాయి. సీజన్ అయ్యాక హాన్లే పోదామని ఇద్దరం అనుకుంటున్నాం. అరోరా పడాలంటే ఏం సెట్టింగులు పెట్టాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

ముందు ఒక మాట. హాన్లేకు అరోరా కోసం పోవద్దు, ఆకాశం కోసం పోండి. తుఫాను వచ్చే తేదీ చూసుకుని టికెట్లు బుక్ చేసే వీలు ఉండదు, కబురు వచ్చేది ఒకటి రెండు రోజుల ముందు, లేహ్‌లో ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడటానికే రెండు రోజులు కావాలి, అక్కడి నుంచి హాన్లే ఇంకో 250 కిలోమీటర్ల పైనే. నేను ఒక సెప్టెంబరులో పోయి నాలుగు రాత్రులున్నాను, ఎరుపు చుక్క కూడా పడలేదు. బాధ లేదు, పాలపుంత వెలుగులో నా కెమెరా బటన్లు కనిపించాయి. అక్కడి ఆకాశాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రిజర్వుగా ప్రకటించారు, రాత్రిపూట హై బీమ్ వేసుకుని తిరిగితే ఊరుకోరు, మీ హెడ్ టార్చికి ఎర్ర కాగితం అంటించుకోండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతి కాగితాలు లేహ్‌లోనే సరిచూసుకోండి. ఇంకో తమాషా, అక్కడి రెండు మీటర్ల అద్దమున్న ‘హిమాలయన్ చంద్ర’ టెలిస్కోపును నడిపేది బెంగళూరు పక్కన హోసకోట నుంచి. మదనపల్లె మీదుగా బెంగళూరు పోయే మన కడప బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది, నేను ఎన్నిసార్లు నిద్రలో దాటేశానో.

ఇక కెమెరా. 24 దగ్గర ఎఫ్ 2.8 పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 3200, 15 నుంచి 20 సెకన్లు. దక్షిణాన దొరికే ఎరుపు నార్వే తెరల్లాగా గంతులేయదు, నిదానంగా ఉంటుంది. అందులోనూ హాన్లేలో పడేది చాలావరకు స్థిర ఎరుపు చాపం అనే రకం, అరోరాకు దాయాది. కణాలు నేరుగా కురిసి వెలిగించేది కాదు అది, తుఫానులో భూమి చుట్టూ తిరిగే విద్యుత్ వలయం నుంచి వేడి కిందికి దిగి ఆక్సిజన్‌ను వెలిగిస్తుంది. కాబట్టి షట్టర్ నిడివి పెంచితే నష్టం లేదు, ఆపేది నక్షత్రాలే. 500ని మీ లెన్సు అంకెతో భాగించండి: 24కు 20 సెకన్లు, 50కి 10. దాటితే నక్షత్రాలు వడియాలవుతాయి. 50 ఎఫ్ 1.8ని తక్కువ చేయొద్దు, ఎరుపు దిగంతం మీదే ఉంటుంది కాబట్టి అటు తిప్పి పక్కపక్కన నాలుగు ఫోటోలు తీసి అతికించుకుంటే 24 కంటే మంచి బొమ్మ వస్తుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే కొంప మునుగుతుంది. కెమెరా ఎరుపును తప్పు అనుకుని సర్దేస్తుంది, హల్దీ ఫంక్షన్‌లో పసుపుకు చేసినట్టే, అది నీకు నాకంటే బాగా తెలుసు. 4000 కెల్విన్ దగ్గర కట్టేసి, కెమెరా ఏమీ సర్దని RAW ఫైల్ తీయి. ఫోకస్ మాన్యువల్, లెన్సు మీద అనంతం గుర్తును నమ్మకు, లైవ్ వ్యూలో ఒక మంచి నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి అది సూదిమొన అయ్యేదాకా తిప్పి, రింగ్ కదలకుండా టేపు వేయి. నేను టేపు వేయలేదు. మొదటి రాత్రి తీసినవన్నీ బూందీ.

లెన్సు ముందు యూవీ ఫిల్టర్ ఉంటే పీకేయి. ఇది ఎవరూ చెప్పరు, నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. అరోరా వెలుగు, మామూలు రాత్రి కూడా ఆకాశం విడిచే సన్నటి వెలుగు, ఒకే ఒక రంగు గీతలో ఉంటాయి. ఆ ఒంటి రంగు ఫిల్టర్ గాజు రెండు ముఖాల మధ్య తగులుకుని ఫోటో నడుమ గుండ్రటి చుట్టలు వేస్తుంది, బావిలో రాయి వేస్తే లేచే అలల్లాగా. హాన్లేలో నా రెండో రాత్రంతా ఆ చుట్టలే. లెన్సు పాడైందనుకుని ఎంత టెన్షన్ పడ్డానో, ఫిల్టర్ విప్పగానే పోయాయి.

చలికి బ్యాటరీలు సగం కాకముందే చచ్చిపోతాయి, కనీసం మూడు ఉంచుకుని వాడనివి బనియను జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో. లోపలికి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి తీసుకురా, లేకపోతే వేడి గదిలోకి రాగానే లెన్సు లోపలా బయటా నీళ్ళు పడతాయి. 4,000 మీటర్ల పైన మెట్టు ఎక్కితే ఆయాసం వస్తుంది, తలనొప్పి తగ్గకపోతే అరోరా లేదు గిరోరా లేదు, కిందికి దిగాలి.

ఎప్పుడు పోవాలంటావా, మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల తుఫానులు కాస్త ఎక్కువ. అమావాస్యకు అటూ ఇటూ వారం చూసుకో. సూర్యుడి అలజడి పెరిగి తగ్గే చక్రాల్లో 25వది 2024 అక్టోబరుకల్లా గరిష్ఠ దశకు వచ్చిందని నాసా వాళ్ళు చెప్పారు, ఇక అయిపోయిందని దిగులు పడొద్దు, దిగే దశలో కూడా పెద్దవి వస్తాయి. 2003 నాటిది అలా వచ్చిందే.

ఎక్కడికీ పోలేనివాళ్ళం. నంద్యాల చుట్టుపక్కల రాత్రి ఆకాశంలో ఎర్రటిది ఏదైనా తీయగలమా?
– ఉపాధ్యాయురాలు, నంద్యాల

తీయగలరు మేడమ్, ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. స్ప్రైట్ అని ఒకటుంది. పెద్ద ఉరుముల మబ్బు మీద, నేలకు 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, మెరుపు కొట్టిన మరుక్షణం ఎర్రగా ఊడలు దిగిన మర్రిలాగా వెలిగి మాయమవుతుంది. సెకనులో పదో వంతు ఉంటే ఎక్కువ. అది నైట్రోజన్ ఎరుపు, దానికి ధ్రువాలతో పని లేదు, కావాల్సింది గట్టి ఉరుముల వాన. మనకు ఏప్రిల్, మే నెలల్లో, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో వాటికి కొదవ లేదు.

కిటుకు ఏమిటంటే వాన మీ నెత్తి మీద ఉండకూడదు. 150 నుంచి 400 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, మీ దగ్గర ఆకాశం తేటగా ఉండాలి. రాడార్ మ్యాపులో గుంటూరు వైపో బళ్ళారి అవతలో ముదురు రంగు మబ్బు కనిపించిన రాత్రి, రోళ్ళపాడు మైదానాల లాంటి చీకటి చోట, కెమెరాను ఆ మబ్బు కొనకు పైన ఖాళీ ఆకాశం వైపు గురిపెట్టండి. మబ్బును కాదు, దాని పైన. ఎఫ్ 1.8, ఐఎస్ఓ 6400, రెండేసి సెకన్లు, ఆపకుండా గంటా రెండు గంటలు వరుసగా కొడుతూనే ఉండాలి. రెండు వేల ఫోటోల్లో ఒకటి తగిలితే గొప్ప. నాకు మూడేళ్ళలో రెండు దొరికాయి, ఒకటి ఫోటో అంచున తెగిపోయింది.

ఇంకోటి, అదృష్టంతో పని లేనిది. అమావాస్య రాత్రి ఊరి వెలుగు తగలని చోట ముప్ఫై సెకన్ల ఫోటో తీసి కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి, ఆకాశం నల్లగా ఉండదు, లేత ఆకుపచ్చ, ఎరుపు చారలు ఉంటాయి. గాలి రాత్రిపూట తనంతట తాను విడిచే వెలుగు అది. అరోరాలో ఏ ఆక్సిజన్ గీతలు ఉన్నాయో ఇందులోనూ అవే: 557.7 ఆకుపచ్చ, 630 ఎరుపు. కారణం వేరు, పగలు ఎండ విడగొట్టిన పరమాణువులు రాత్రి మళ్ళీ కలుసుకుంటూ వెలుగుతాయి. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం ఇక్కడ మనకు కలిసొచ్చింది, ఈ వెలుగు పుట్టే వాతావరణం పైపొరల్లో అల్లకల్లోలం మన వైపు ఎక్కువ. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం రాడార్లు పెట్టుకుని కూర్చున్నది ఆ పైపొరలను చదవడానికి కూడా. మీ పిల్లలను ఒకసారి అటు తీసుకెళ్ళే వీలుంటే అడిగి చూడండి.

మాది మగ్గాల ఇల్లు. అరోరా రంగులతో ఒక పట్టుచీర వేద్దామని మా పాప డిజైన్ గీసింది. కింద ఎరుపు, పైన ఆకుపచ్చ పెట్టింది. సరైనదేనా?
– ఒక నేతకారుడు, ధర్మవరం

తలకిందులైంది అన్నా. ఎరుపు పైన, ఆకుపచ్చ కింద. 200 కిలోమీటర్లకు పైన గాలి ఎంత పలుచనంటే ఎరుపు విడవడానికి పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు కావాలి, ఆ సేపు దాన్ని ఎవరూ గుద్దుకోకుండా ఉంటారు. కిందికి వచ్చేసరికి గుద్దులాట ఎక్కువై ఎరుపు విడిచేలోపే శక్తి ఊడిపోతుంది, ఒక సెకనులోపే విడిచే ఆకుపచ్చకు మాత్రం వ్యవధి దొరుకుతుంది. అన్నిటికన్నా అడుగున, సూర్యుడి కణాలు గట్టిగా దూసుకొచ్చిన రాత్రుల్లో మాత్రమే, నైట్రోజన్ వేసే ఊదా, గులాబీ అంచు సన్నగా ఉంటుంది.

కాబట్టి చీర ఒళ్ళు ముదురు నీలం, పై నుంచి కిందికి ఎరుపు పలుచబడుతూ ఆకుపచ్చలో కలవాలి, అంచు వేలెడు ఊదా. జరీ నక్షత్రాలకు సరిపోతుంది, ఎక్కువ వేయొద్దు. పాపను చీర సగంలో ఉండగానే మగ్గం మీద ఒక ఫోటో తీసి పంపమనండి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా.